తమ్ముడి ఇంట్లోకి దిగిన నా కాలు

సహోదరులారా, సహోదరీలారా, ఇక్కడ నిలబడి సాక్ష్యం చెప్పినవాళ్లను చాలామందిని విన్నాను. ఒకరు సారాయి మానేశానన్నారు, ఒకరు చావు మంచం మీదనుంచి లేచానన్నారు, వింటూ నేను కూడా కళ్లు తుడుచుకున్నాను. ఇప్పుడు నా వంతు వచ్చేసరికి సిగ్గుగా ఉంది, ఎందుకంటే నేను సారాయి ముట్టలేదు, బీడీ కాల్చలేదు, పేకముక్క పట్టలేదు, ఆ సంగతి తలచుకొని చాలా ఏళ్లు మీసం మెలేశాను కూడా! అయితే దేవుడు నన్ను దేని నుంచి విడిపించాడో వింటే దానికన్నా సారాయే నయమనిపిస్తుంది మీకు. ఆయన నన్ను నా పంతం నుంచి విడిపించాడు. అదీ ఏ చాటునో కాదు, పట్టపగలు, వీధిలోవాళ్లంతా చూస్తుండగా, తొడదాకా మిద్దెలో ఇరికించి మరీ విడిపించాడు! ఆయనకే మహిమ.

నాలుగేళ్లు నేను చీకట్లో ఉన్నాను. నా తోడబుట్టిన ఒక్కగానొక్క తమ్ముడితో నాలుగేళ్లు మాట్లాడలేదు.

మాది పావగడ తాలూకా మంగళవాడ దగ్గర ఒక చిన్న పల్లె, మబ్బును నమ్ముకొని వేరుశనగ వేసే ఊరు. మా నాయన బతికున్నన్నాళ్లు క్రిస్మస్ ముందు వారం మా ఇంట్లో ఎవరికీ వేరే పని ఉండేది కాదు. అమ్మ మైదాపిండితో జిగురు కాచేది, నేను సున్నం కలిపేవాణ్ని, తమ్ముడు దేవదానం రంగుకాగితాలు కత్తిరించేవాడు, మాకు పెళ్లిళ్లయ్యాక నా భార్య మార్తమ్మ, వాడి భార్య సుగుణమ్మ కాగితపు గొలుసులు అంటించేవాళ్లు. నాయన వెదురు బద్దలు చీల్చి క్రిస్మస్ నక్షత్రం, మా మాటలో చుక్క, కట్టేవాడు. క్రిస్మస్ చెట్టు మా వైపు ఎక్కడ దొరుకుతుంది? సర్కారు తుమ్మ కొమ్మే మా క్రిస్మస్ చెట్టు. అందరూ దాన్ని చూసి నవ్వేవాళ్లు గానీ దానంత మంచి చెట్టు లేదు, ఆ ముళ్లకు వేరుశనగ కాయలు గుచ్చితే ఎంత గాలికీ రాలవు, దారం పనే లేదు! పని చేసేటప్పుడు ఇంట్లో ఒక్కరు కూడా తక్కువ కాకూడదని నాయన నియమం. జ్వరం వచ్చినవాణ్ని కూడా మంచంతో సహా మోసుకొచ్చి మధ్యలో వేసి చేతికి కత్తెర ఇచ్చేవాడు.

నాయన పోయిన తర్వాత వచ్చిన మొదటి క్రిస్మస్‌కు ఇల్లు మేమిద్దరమే అలంకరించాలి. నేను నిచ్చెన ఎక్కి గోడకు సున్నం కొడుతున్నాను, దేవదానం కింద నిచ్చెన పట్టుకున్నాడు, నిచ్చెన పక్కనే సున్నం బాన. ఏమైందో ఏమో, వాడు ఉన్నట్టుండి చేతులు వదిలేశాడు. నిచ్చెన ఒకవైపు పోయింది, నేను ఒకవైపు పోయాను, పోయి సరిగ్గా ఆ బానలో కూర్చున్నాను. కూర్చున్నానంటే నడుము దాకా దిగబడిపోయాను, తల మీదనుంచి తెల్లగా కారుతోంది. అప్పుడు వాడు పరుగెత్తుకొచ్చి నన్ను లేపాలా వద్దా? వాడు నవ్వాడు! కడుపు పట్టుకొని, నేలమీద చతికిలబడి, మాట పెగలకుండా నవ్వాడు. ఏదో చెప్పబోయాడు, చెయ్యి చూపించాడు, మళ్లీ నవ్వాడు. ఎదురింటి ఓబుళప్ప, మా ఊళ్లో పెద్ద రైతు, అరుగు మీదనుంచి, "ఏం ప్రకాశప్పా, సున్నం కొట్టాల్సింది ఇంటికి గదా?" అన్నాడు. ఇక వీధంతా నవ్వింది.

నేను ఆ బానలో కూర్చొనే ప్రమాణం చేశాను. "దేవదానం వచ్చి నా కాళ్లు పట్టుకుంటే తప్ప వాడితో మాట్లాడను" అని. ప్రమాణం చెయ్యొద్దని లేఖనం చెబుతుందని నాకు తెలుసు, తెలిసే చేశాను.

సహోదరులారా, పంతం ఎంత పని చేయిస్తుందో చూడండి. నెల తిరగకుండా ఇంటి మధ్యలో గోడ లేచింది. మా ఇంటికి ఉన్నది ఒకే ఒక్క కరెంటు బల్బు, అది సరిగ్గా గోడ వచ్చేచోటే వేలాడుతోంది. బల్బు నాదంటే నాదని ఇద్దరం పట్టుబట్టాం, చివరికి మేస్త్రి విసుగెత్తి గోడలో కంత వదిలి, బల్బును ఆ కంతలో నిలబెట్టి, "సగం వెలుతురు నీకి, సగం వానికి, నన్ను ఇడిసిపెట్టండ్రప్పా" అని తాపీ ఎత్తుకొని పోయాడు. ఎద్దులను కూడా పంచుకున్నాం. ఒకే జత, చెరొకటి. ఒంటెద్దుతో ఎవరు దున్నగలరు? నేను ఊరి ఆ చివర ఒకరి ఎద్దును అడుక్కునేవాణ్ని, వాడు ఈ చివర ఇంకొకరిని అడుక్కునేవాడు. మా రెండు ఎద్దులు మాత్రం పశువుల గాటిలో పక్కపక్కనే నిలబడి ఒకదాని మెడ ఒకటి నాకుతుండేవి. వాటికున్న జ్ఞానం మాకు లేకపోయింది! అమ్మను కూడా పంచుకున్నామని చెప్పడానికి నోరు రావడం లేదు. పదిహేను దినాలు నా దగ్గర, పదిహేను దినాలు వాడి దగ్గర. మంచం మోసేటప్పుడు కూడా మాటల్లేవు. గుమ్మం దాకా ఒకడు తెస్తే అక్కడినుంచి ఇంకొకడు అందుకోవడం, అమ్మేమో ఆ మంచం వెంట నడుస్తూ మా ఇద్దరినీ తిట్టడం.

ఇక క్రిస్మస్ అలంకరణ. పంతం అక్కడ మానుతుందా? గోడ లేచిన మొదటి ఏడు నేను అయిదు కొనల చుక్క కట్టాను. తెల్లారి చూస్తే వాడి గుమ్మానికి ఆరు కొనల చుక్క! మరుసటి ఏడు నేను ఏడు కట్టాను, వాడు ఆరు దగ్గరే ఆగాడు, ఆ ఏడు నేను గెలిచాను, మందిరంలో పాటలు గట్టిగా పాడాను. మూడో ఏడు నాది ఎనిమిది, వాడిది తొమ్మిది. నాకు అనుమానం వచ్చింది, నేను ఎన్ని కొనలు కడుతున్నానో వాడికి ముందే ఎలా తెలుస్తోంది? పైగా వాడి చుక్కకు అంటించిన ఎర్రకాగితం, నా చుక్కకు అంటించిన ఎర్రకాగితం ఒకటే, ఆ అంచుల కత్తిరింపు కూడా ఒకటే. ఓబుళప్ప రెండింటినీ మార్చి మార్చి చూసి, "రెండూ ఒకే తల్లి బిడ్డల మాదిరి ఉండాయే ప్రకాశప్పా" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో ఆలోచించేంత తెలివి దేవుడు నాకు అప్పుడు ఇవ్వలేదు. నా భార్యను అడిగితే, "నాకేం తెల్సు, నేను మందిరం ఊడ్చేకి పోయింటి" అంది. ఆమె ఆ రోజుల్లో మందిరం చాలా ఎక్కువగా ఊడ్చేది. నా భార్యకు ఎంత భక్తి అని నేను మురిసిపోయేవాణ్ని.

నాలుగో ఏడు దేవుడు నా మెడ మీద చెయ్యి వేశాడు. మందిరంలో వాడు ఎడమవైపు కూర్చుంటాడు గనక నేను ఎప్పుడూ కుడివైపే చూసేవాణ్ని. ఇంట్లో వాడి భాగం ఎడమవైపే, చేలో వాడి గట్టు ఎడమవైపే. అలా కుడికి తిప్పి తిప్పి ఒక పొద్దున మెడ అక్కడే బిగుసుకుపోయింది! ఎడమకు తిరగదు. ఆముదం రాశారు, ఇసుక మూటతో కాపడం పెట్టారు, పావగడ ఆసుపత్రికి తీసుకుపోయి సూది వేయించారు, మెడ కదల్లేదు. ఎడమవైపు నుంచి ఎవరైనా పిలిస్తే గానుగెద్దులా మనిషి మొత్తం తిరగాలి. మా మందిరం అయ్యగారు ఇంటికొచ్చి, నూనె రాసి, ప్రార్థన చేసి, వెళ్లబోతూ మెల్లగా, "ప్రకాశం, ఎడమపక్క ఏముందని నీ మెడ అటు పోనంటోంది?" అని అడిగారు. నేను తల వంచుకోవాలనుకున్నాను. అది కూడా వంగలేదు.

ఆ రోజుల్లో నేను చేసిన ప్రార్థన ఇప్పుడు చెబుతాను, నవ్వకండి. "ప్రభువా, నేను నీతిగా బతుకుతున్నవాణ్ని, నా మెడ బాగుచెయ్యి. తమ్ముడికి బుద్ధి ఇయ్యి. ముందు వాడికి బుద్ధి ఇచ్చి, ఆ తర్వాత తీరిగ్గా నా మెడ చూసినా ఫర్వాలేదు" అని. ఇలాంటి ప్రార్థన విని కూడా ఆయన నన్ను పారెయ్యలేదంటే ఆయన సహనం ఎంతదో ఆలోచించండి!

ఆ ఏడు వాన వరుసగా మూడోసారి మోసం చేసింది. వేరుశనగ మొక్కలు జానెడు లేచి మాడిపోయాయి, పీకి చూస్తే వేళ్లకు మట్టి తప్ప కాయ లేదు. తుమ్మ ముళ్లకు గుచ్చడానికి కూడా కాయల్లేవు. ఊళ్లో సగంమంది బెంగళూరుకు కూలికి పోయారు. అలాంటి ఏడు మనుషులు ఒకరినొకరు పట్టుకొని బతకాలి. నేనేం చేశాను? పదమూడు కొనల చుక్క కట్టాను! అది ఎంతైందంటే గుమ్మంలో పట్టలేదు, అడ్డంగా తిప్పి బయటికి తీశాను. ఓబుళప్ప చూసి, "ఇది చుక్కనా, ముళ్లపందినా?" అన్నాడు. దాన్ని మిద్దె పైన, సరిగ్గా మధ్యలో, తమ్ముడి చుక్క కనపడకుండా నిలబెట్టాలని నా ఎత్తు.

పండక్కు రెండు దినాల ముందు, మధ్యాహ్నం భోజనం చేసి, నిచ్చెన ఎవరూ పట్టుకోకుండానే చుక్క వీపుకు కట్టుకొని మిద్దె ఎక్కాను. నా భార్య మందిరం ఊడ్చడానికి పోయింది, పిల్లలు ఎక్కడో ఆడుకుంటున్నారు. మాది మట్టి మిద్దె, వానలు కురిసే కాలంలో ఏటేటా ఇద్దరం కలిసి కొత్తమట్టి పరిచి కొట్టేవాళ్లం. గోడ లేచినప్పటినుంచి ఎవరూ పరచలేదు, మట్టి కింది కట్టెలకు చెద పట్టింది. నా భాగం ఎంతవరకో, వాడి భాగం ఎక్కడినుంచో చూసుకొని నడవాలి. కానీ ఎడమకు చూడాలంటే మెడ తిరగాలి గదా! అంచనాతో ఒక అడుగు వేశాను, రెండో అడుగు వేశాను, మూడో అడుగుకు కింద మిద్దె లేదు.

నా ఎడమకాలు తొడదాకా తమ్ముడి ఇంట్లోకి దిగిపోయింది. కుడికాలు మిద్దె మీద చాపుకొని ఉంది. వీపు మీది చుక్క నా కింద పడి నలిగి, పదమూడు కొనల్లో అయిదారు నాకే గుచ్చుకున్నాయి. కింద గంపల కొద్దీ మట్టి పడిన చప్పుడు వినిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ పదిహేను దినాలు అమ్మ తమ్ముడి దగ్గర ఉంది. అమ్మ మంచం సరిగ్గా ఆ చోటే ఉంటుంది. మధ్యాహ్నంపూట ఆమె పడుకుంటుంది.

"అమ్మా!" అని అరిచాను. జవాబు లేదు. "అమ్మా! అమ్మా!" కింద ఉలుకూ లేదు, పలుకూ లేదు. సహోదరులారా, ఆ నిశ్శబ్దం నేను చచ్చేదాకా మరచిపోను. కంతలో నా తొడ బిగుసుకుంది, వంగి చూద్దామంటే మెడ వంగదు, నా చేత్తో నేనే అమ్మను మట్టిలో పూడ్చేశాననుకున్నాను. మీసం, ప్రమాణం, చుక్క, ఏదీ గుర్తు లేదు. "ప్రభువా, నా మెడ ఇట్లే ఉండనీ, కాలు తీసేసుకో, అమ్మను మాత్రం బతికించు" అని ఏడ్చాను. నా బతుకులో నిజంగా చేసిన మొదటి ప్రార్థన అదే. ఆ వెంటనే నా నోటినుంచి నాలుగేళ్లుగా రాని పేరు వచ్చింది.

"దేవదానం! ఓ దేవదానం! అమ్మని సూడప్పా! అమ్మ మింద మట్టి పడింది!"

కాసేపటికి కిందనుంచి తమ్ముడి గొంతు వచ్చింది. "ఎవురూ?"

"నేనప్పా, మీ అన్నని!"

"కాలు కనపడతాంది. మనిషి యాడుండావు?"

"మిద్దె మింద ఉండా! అమ్మ ఎట్లుండాది చెప్పు ముందు!"

"అమ్మకేం కాలేదన్నా. అమ్మ మంచం మింద లేదు, ఈ మూలన కూసోనుండాది. మంచం మాత్రం ఇరిగిపాయె."

నాకు ఏడుపు ఆగలేదు. దేవునికి స్తోత్రం, దేవునికి స్తోత్రం అంటూ మిద్దె మీద ఒంటికాలితో కూర్చొని వెక్కి వెక్కి ఏడుస్తున్నాను. ఎదురింటి అరుగు మీదనుంచి ఓబుళప్ప, "ఏం ప్రకాశప్పా, ఇంగో కాలు యాడ పెట్టినావు?" అని అరుస్తున్నాడు.

అంతలో కింద తమ్ముడు బల్ల లాక్కొని ఎక్కిన చప్పుడైంది. నా పాదాన్ని రెండు చేతులు గట్టిగా పట్టుకున్నాయి.

"అన్నా, నన్ను మన్నించన్నా" అన్నాడు దేవదానం. "ఆ పొద్దు కందిరీగ కుట్టి నిచ్చెన ఇడిసినా. ఇదో నా సెయ్యి అని నీకి సూపిచ్చినా గూడా. చెప్పేలోపల నువ్వు బానలో కూసుంటివి, నగు ఆపుకోల్యాక పోతి. తప్పు నాదే."

విన్నారా? నేనేమని ప్రమాణం చేశాను? వాడు వచ్చి నా కాళ్లు పట్టుకుంటే తప్ప మాట్లాడనని! దేవుడు నా ప్రమాణం కూడా నెరవేర్చాడు, రెండు కాళ్లు ఎందుకు, ఒకటి చాలని ఒకటి పట్టించాడు. అప్పుడు నాకు గెలిచినట్టు అనిపించాలి గదా? నా జన్మలో అంత సిగ్గుపడింది లేదు. కందిరీగ కుట్టిన చెయ్యి వాడు నాలుగేళ్ల కిందటే నాకు చూపించాడు. నేను వాడి నవ్వునే చూశాను, చెయ్యి చూడలేదు.

"ఇడువప్పా నా కాలు" అన్నాను. "నీ కాళ్లు నేను పట్టుకోవాల్సింది. అయితే నీ కాళ్లు నాకి అందవు ఇప్పుడు. ముందు నన్ను పైకి నూకు."

ఆ తర్వాత నా పాదం అదరడం మొదలైంది. మొదట తమ్ముడు ఏడుస్తున్నాడనుకున్నాను. కాదు, నవ్వుతున్నాడు! ఆపుకోవాలని చూస్తున్నాడు, ఆగడం లేదు, వాడి నవ్వుకు నా కాలు మొత్తం ఊగుతోంది. నాకూ నవ్వొచ్చింది. వాడు కింద, నేను పైన, మధ్యలో నా కాలు, ఇద్దరం పగలబడి నవ్వాం.

వాడు కింద నుంచి భుజంతో తోశాడు, ఓబుళప్ప తన పెద్దరికం పక్కన పెట్టి నిచ్చెన ఎక్కొచ్చి నా చంకల కింద చేతులు వేసి లాగాడు. ఒకటి, రెండు, మూడు అన్నారు. కాలు పైకొచ్చింది, నేను ఎడమవైపు పడ్డాను, మెడలో కటుక్కుమని పెద్ద శబ్దం. చచ్చాననుకున్నాను. చూస్తే నా తల ఎడమకు తిరిగి ఉంది! కుడికి తిప్పాను, తిరిగింది. ఎడమకు తిప్పాను, తిరిగింది. ఆముదానికి లొంగనిది, సూదికి లొంగనిది, ఆయన ఒక్క కుదుపుతో సరిచేశాడు. పక్షవాయువు గలవాణ్ని నలుగురు మిద్దె విప్పి దింపితే ప్రభువు బాగుచేసిన సంగతి మనకందరికీ తెలుసు. నన్ను దింపడానికి నలుగురు దొరకలేదేమో, నా చేతే మిద్దె విప్పించాడు.

తిరిగే మెడ వచ్చింది గనక కంతలోంచి కిందికి చూశాను. సహోదరీలారా, నేను చూసింది వినండి. తమ్ముడి ఇంటి నేలంతా రంగుకాగితాలు. మధ్యలో మైదా జిగురు గిన్నె. చుట్టూ నా పిల్లలు, వాడి పిల్లలు, పక్కన సుగుణమ్మ. మూలన అమ్మ, చేతిలో కత్తెర. ఆమె పక్కన మోచేతులదాకా జిగురు పూసుకొని, జుట్టునిండా మిద్దె మట్టితో, నా భార్య మార్తమ్మ! నేను అమ్మా అని అరిచినప్పుడు ఎవరూ ఎందుకు పలకలేదో అప్పుడు అర్థమైంది. దొరికిపోయామని అందరూ నోళ్లు మూసుకొని బిగుసుకుపోయారు!

"నువ్వు మందిరం ఊడ్చేకి పోతానంటివే?" అన్నాను పైనుంచి.

"ఊడ్చినా" అంది మార్తమ్మ, ఏమాత్రం జంకకుండా. "ఊడ్చేసి ఈడికొచ్చినా. నాలుగేండ్లుగా ఇట్లే వస్తాండా. రెండు చుక్కలకీ కాగితాలు ఈడే కత్తిరిస్తాం. ఒక ఏడు నిన్ను గెలిపిస్తాం, ఒక ఏడు మరిదిని గెలిపిస్తాం. నీకి ఎన్ని కొనలో ఆ బల్బు కంతలోంచి నేనే సుగుణకి చెప్తాండా."

తమ్ముడివైపు చూశాను. వాడి నోరు కూడా తెరుచుకొనే ఉంది. వాడికి కూడా తెలియదు! ఆ రోజు చేను నుంచి తొందరగా వచ్చి, ఇంట్లో కాలు పెట్టేసరికి మిద్దెలోంచి నా కాలు వేలాడుతోందట.

అమ్మ కత్తెర కింద పెట్టి తల పైకెత్తింది. "అందరూ కలిసే చెయ్యల్లని మీ నాయన చెప్పిన మాట మేము తప్పలేదురా" అంది. "మీ ఇద్దురే లేరు."

ఆ మాట నాకు ఏ ప్రసంగంలోనూ తగలనంత లోతుగా తగిలింది. గోడ కట్టి తమ్ముణ్ని వెలివేశాననుకున్నాను నాలుగేళ్లు. నా ఇల్లంతా, నా భార్యాబిడ్డలంతా, నవ్వుతూ ఒకచోట కూర్చొని పండగ చేసుకుంటుంటే బయట మిగిలిపోయినవాణ్ని నేను. నేను, నాతోపాటు నా తమ్ముడు. నేను నిచ్చెన దిగి, చుట్టూ తిరిగి గుమ్మంలోంచి వాడి ఇంట్లోకి పోయి, మట్టిలో మోకరించి వాడి రెండు కాళ్లూ పట్టుకున్నాను. అందరం అక్కడే ప్రార్థన చేశాం. ప్రార్థన మధ్యలో మా చిన్నమ్మాయికి తుమ్ములు ఆగలేదు, అంత దుమ్ము.

నలిగిపోయిన పదమూడు కొనల్లోంచి బాగున్న బద్దలు ఏరి ఇద్దరం కలిసి ఒకే చుక్క కట్టాం. మిద్దె కంత పూడ్చుదామంటే అమ్మ పండగయ్యేదాకా ఉండనీయమంది, చుక్కను ఆ కంతలోనే వేలాడదీశాం. దాంతో ఒక చిక్కు వచ్చింది. పండగ వెళ్లేదాకా వాన రాకూడదని మేం ప్రార్థన చేయాల్సి వచ్చింది. మూడేళ్లుగా తాలూకా మొత్తం వానకోసం ఏడుస్తుంటే వాన వద్దని ప్రార్థించిన కుటుంబం మాదొక్కటే! ఆ సంగతి తెలిసి ఓబుళప్ప వారం రోజులు మమ్మల్ని తిట్టాడు. ఆ ప్రార్థన మాత్రం దేవుడు వెంటనే ఆలకించాడు.

పండగ వెళ్లాక గోడ పడగొట్టాం. ఎద్దులు మళ్లీ ఒకే కాడి కిందికి వచ్చాయి. మా కరువు ఆ ఏడే తీరిపోయిందని చెబితే అబద్ధమవుతుంది, ఆ తర్వాత కూడా వేరుశనగ మమ్మల్ని ఏడిపించింది, ఇప్పటికీ ఏడిపిస్తోంది. అయితే ఎండిన చేలో గట్టు మీద పక్కన తమ్ముడు కూర్చొని ఉంటే ఆ ఎండ కొంచెం తక్కువగా కాలుస్తుంది. ఇది నేను అనుభవించి చెబుతున్నాను.

నా సాక్ష్యం ఇంతే. వెనక వరుసలో నా తమ్ముడు కూర్చొని ఉన్నాడు, వచ్చే ఆదివారం వాడి సాక్ష్యం వాడు చెబుతాడట. నేను మిద్దె మీద అమ్మా అని ఎంత గట్టిగా అరిచానో వాడు కొంచెం పెంచి చెబుతాడు, నమ్మకండి. మిగతాదంతా నమ్మండి.

మీలో ఎవరైనా మీ అన్నతోనో, మీ చెల్లెలితోనో, మీ అత్తతోనో మాటలు మానేసి ఉంటే, మీరు గెలుస్తున్నారని అనుకోకండి. నన్ను ఇంత నగుబాటు చేసి ఇంత ప్రేమించిన దేవుణ్ని నమ్మండి, మీ మిద్దె విరగకముందే ఆయన్ను అడగండి. రేపు మధ్యాహ్నం మా ఇంట్లో కాగితాలు కత్తిరించే పని మొదలుపెడుతున్నాం, మీరందరూ రండి. ఎవరూ ఏమీ తీసుకురావద్దు. మీరు మాట్లాడని మనిషి ఒకరుంటే, వాళ్లను మాత్రం చెయ్యి పట్టుకొని వెంటబెట్టుకొని రండి. ఇద్దరికీ చోటుంది.